నేను వదిలేశానని చెప్పుకున్న బంతి

మొన్న శనివారం మధ్యాహ్నం యూసుఫ్ టాంపినీస్ నుంచి రైలు మారి, బస్సు మారి, ఒళ్ళో ఖుబానీ కా మీఠా డబ్బా పెట్టుకుని సెంగ్‌కాంగ్‌లో మా ఫ్లాట్‌కి వచ్చాడు. మనిషి బట్టతలయ్యాడు, పొట్ట వచ్చింది, కళ్ళద్దాలు మందమయ్యాయి. చేతులు మాత్రం అవే, చపాతీ పీటలంత వెడల్పు. సోఫాలో కూర్చుని మంచినీళ్ళు కూడా ముట్టకముందే మా అమ్మాయి శిరీషను దగ్గరికి పిలిచాడు.

"బేటా, స్కూల్ల హాకీ ఆడుతున్నవట గద? గోల్ కాపాడే గోలీ అట?"

"యెస్ అంకుల్. బట్ రిజర్వ్ ఓన్లీ లా."

"రిజర్వ్ అయితే ఏమైతది? నేను థర్డ్ రిజర్వ్ ఉంటి. ఏండ్లకేండ్లు ఆడిన, చెప్పుకునేటందుకు ఒక్కటే బంతి ఉన్నది. అది గూడ నేను ఆపింది కాదు బేటా, మీ డాడీ దయ. వాళ్ళ నాయన టీం బతకాలని కావాలని నా చేతికి కొట్టిండు. గసుంటి కొడుకు ఎవడుంటడు జెప్పు?"

శిరీష నా వైపు చూసింది. పదిహేనేళ్ళ పిల్ల తండ్రిని అలా చూడటం ఏడాదికి ఒకసారి కూడా జరగదు. ఇంకో మధ్యాహ్నమైతే ఆ చూపును నేను పండగలా అనుభవించేవాణ్ణే. నేను కోతల రాయుణ్ణని మా వాళ్ళందరికీ తెలుసు. మా నాన్న క్రేన్‌తో ఓడలోంచి ఏనుగును దించాడని ఊరంతా చెప్పాను. ఏనుగు నిజమే, ఓడ కూడా నిజమే, క్రేన్ మాత్రం వేరేవాళ్ళది. ఇలాంటివి వందల కొద్దీ చెప్పాను, ఒక్కదానికీ నిద్ర పాడు చేసుకోలేదు. ఈ బంతి కథ ఒక్కటే అలా కాదు. ఇది చెప్పినప్పుడల్లా ఒక మనిషి జేబులోంచి వస్తువు తీసి నా జేబులో వేసుకున్నట్టుండేది. ఆ మనిషి ఇప్పుడు నా సోఫాలో కూర్చుని, అది నాదేనని నా కూతురికి సాక్ష్యం చెబుతున్నాడు.

అందుకని ఆ ఏడాది సంగతి మొత్తం చెప్పాలి. మా ముత్తాత విశాఖపట్నం వైపు నుంచి సముద్రం దాటి ఇక్కడి రేవులో మూటలు మోయడానికి వచ్చాడు. మా తాత కూడా అక్కడే మోశాడు. ఆయనా ఆయన తోటివాళ్ళూ కలిసి పెట్టుకున్నదే రేవు క్లబ్. మా నాన్న అప్పలరాజు అదే రేవులో క్రేన్ నడిపేవాడు, ఖాళీ దొరికితే క్లబ్ హాకీ జట్టును నడిపేవాడు. మాది ప్రొఫెషనల్ జట్టని నేను ఇప్పటికీ వాదిస్తాను. ప్రొఫెషనల్ అంటే ఆడినందుకు ఏదో ఒకటి ముట్టాలి కదా, మా వాళ్ళకు ఆటకో వేయించిన నూడుల్స్ పొట్లం, అదే మీ గోరెంగ్, ముట్టేది. గెలిస్తే దానిమీద గుడ్డు. చాలా కాలంగా ఎవరూ గుడ్డు మొహం చూడలేదు. చిన్న క్లబ్బుల లీగ్‌లో అంతకుముందు ఏడు అందరికన్నా అడుగున మేమే ఉన్నాం. వరసగా రెండేళ్ళు అడుగున నిలిచిన క్లబ్ పేరు కొట్టేస్తారని లీగ్‌లో ఒక రూలు ఉండేది. పేరు కొట్టేస్తే మైదానం పోతుంది, మైదానం పోతే తాత పెట్టిన క్లబ్ పోతుంది. ఆ ఏడాదంతా నాన్న కోపి ఓను, అంటే పాలు లేని కాఫీని, సాసర్‌లో పోసుకుని ఊదుకుంటూ, చెవి మీద పెన్సిల్ పెట్టుకుని, కాలెండర్ వెనకవైపు పదకొండు గళ్ళు గీసి పేర్లు రాసేవాడు, చెరిపేవాడు. మా ఫ్లాట్ కిటికీ బయట వెదురు కర్రల మీద అమ్మ చీరల పక్కనే గోలీ ప్యాడ్లు ఆరేవి. ఇల్లంతా స్టిక్కులకు రాసే అవిసె నూనె వాసన, పక్కింటి మలయ్ పెద్దావిడ మకిక్ వేయించే రొయ్యల ముద్ద బెలచాన్ వాసన, ఆ రెంటినీ ఓడించాలని అమ్మ పెట్టే ఇంగువ పోపు వాసన. ఈనాటికీ అవిసె నూనె సీసా మూత తీస్తే నాకు ఆకలేస్తుంది.

సీజన్‌కు ముందు, ఏ క్లబ్బూ లేని ఆటగాళ్ళు లీగ్ సెక్రటరీ దగ్గర పేరు ఇచ్చుకునేవారు. ఒక ఆదివారం పొద్దున క్లబ్బుల మేనేజర్లంతా ఒక కాఫీ షాపులో కూర్చుని వంతులవారీగా వాళ్ళను ఎంచుకునేవారు. అడుగున ఉన్నవాళ్ళకు మొదటి వంతు. మిగతా మేనేజర్లు ముందువారమంతా మైదానంలో నిలబడి ఎవరు ఎంత వేగంగా పరిగెడుతున్నారో చూస్తుంటే, మా నాన్న ఆ ఆటగాళ్ళందరినీ మా ఇంటికి భోజనానికి పిలిచాడు. ఆలోచన ఆయనదే, పరీక్ష పెట్టేది మాత్రం అమ్మ. అరటాకులు పరిచి, ముద్దపప్పు, చేపల పులుసు, అప్పడాలు వడ్డించి, గరిటె పట్టుకుని గోడకు ఆనుకుని నిలబడింది. ఎవరి మొహంలోకీ చూడలేదు, ఆకులే చూసింది.

అందరూ వెళ్ళాక నాన్న పెన్సిల్ తీశాడు. "ఆ పొడుగాటి వాడు ఎలా ఉన్నాడు?"

"తన ఆకు నిండేదాకా పక్కాకు వైపు చూడలేదండీ. ముందు నిలబెట్టండి, గోల్ కొడతాడు. వెనక పెట్టారో మునిగిపోతారు."

"ఆ తెల్ల చొక్కా?"

"పక్కవాడికి పులుసు అయిపోతే, వాడు అడక్కముందే గిన్నె జరిపాడు. మధ్యలో పెట్టండి."

"మరి మొదటి వంతు ఎవరికి?"

"ఆ హైదరాబాద్ అబ్బాయికి," అంది అమ్మ అరటాకులు మడుస్తూ.

నాకు నవ్వాగలేదు. ఆ హైదరాబాద్ అబ్బాయే యూసుఫ్. ఏదో కంపెనీలో కొత్తగా చేరిన ఇంజనీరు, కాలేజీ జట్టులో మూడో రిజర్వ్ గోలీ. కానీ భోజనాల్లో ఏం జరిగిందంటే, నేను అప్పడాల గిన్నె అందిస్తూ తూలాను. పై అప్పడం జారింది. యూసుఫ్ అప్పుడు మా నాన్నకు హైదరాబాద్ ట్రాఫిక్ గురించి చెబుతున్నాడు. తల తిప్పలేదు, మాట ఆపలేదు. ఎడమచెయ్యి దానంతట అదే వెళ్ళి, గాలిలో అప్పడాన్ని అంచు కూడా విరగకుండా పట్టి, నా ఆకులో పెట్టి, తిరిగి మోకాలి మీదికి వచ్చింది. ఆ అప్పడం మూడు గిరికీలు కొట్టిందని నేను తర్వాత చాలామందికి చెప్పాను. ఒకటే కొట్టింది. ఒకటైనా గొప్పే.

కాఫీ షాపులో నాన్న లేచి "యూసుఫ్" అనగానే బల్లల దగ్గర కోపి గ్లాసులు ఆగిపోయాయి. తూర్పు క్లబ్ మేనేజర్ లిమ్ అంకుల్ కుర్చీలోంచి సగం లేచాడు.

"అయ్యో అప్పలరాజు! ఫస్ట్ పిక్, యూ టేక్ గోల్‌కీపర్ ఆ? థర్డ్ రిజర్వ్ సమ్ మోర్!"

"మై వైఫ్ సెడ్," అన్నాడు నాన్న. కూర్చుని కోపి తాగాడు.

ఆ తర్వాత ఇంట్లో ఊపిరి తీసుకునే తీరిక లేదు. క్రాంజీలో ఆర్కిడ్ తోటలో పనిచేసే దొరై అనే అతను రెండు పూలవరసల మధ్య కుక్కను తరుముకుంటూ పరిగెత్తడం నాన్న బస్సులోంచి చూశాడట. చూసి వచ్చే స్టాపులో దిగిపోయాడు. నాలుగు ఆదివారాలు పులిహోర డబ్బాతో వెళ్ళాడు. అయిదో ఆదివారం దొరై మా ఇంటికి వచ్చి క్లబ్ కాగితం మీద సంతకం పెట్టాడు. సంతకానికి ముందు ఒక్కటే అడిగాడు, పులిహోర ఆగిపోదు కదా అని. ఇక జట్టులో గోలీ ఉన్నాడు, పరిగెత్తే ఫార్వర్డ్ ఉన్నాడు, మిగిలిన వెలితల్లా వెనకాల కాపలాకే. ఆ వారమంతా రాత్రి భోజనాల దగ్గర నాన్న నన్ను ఓరగా చూడటం గమనించాను. నన్ను కెప్టెన్ చేస్తాడనుకున్నాను. ఇరవయ్యేళ్ళ వాణ్ణి, మా జట్టులో అందరికన్నా ఎక్కువ గోల్స్ కొట్టినవాణ్ణి, అలా అనుకోవడంలో తప్పులేదు.

"సత్తిబాబూ, నిన్ను తూర్పు క్లబ్‌కి ఇచ్చేశాను," అన్నాడు మజ్జిగ పోసుకుంటూ.

అమ్మ చేతిలో గరిటె ఆగింది. "ఏంటండీ? కొడుకుని ఇచ్చేశారా? నన్నొక్క మాట అడగక్కర్లేదా?"

"ఆటకిచ్చానే, అన్నానికి కాదు. ఇక్కడే ఉంటాడు, ఇక్కడే తింటాడు. ఆదివారం వాళ్ళ చొక్కా వేసుకుంటాడు, అంతే."

"బదులు ఏమిచ్చారేంటి?"

"ఇద్దరు బ్యాకులు. రహీం, ఆసెంగ్. ఇద్దరూ గోడలే."

అమ్మ కాసేపు ఆలోచించింది. "ఇద్దరా? పర్లేదు," అంది. ఆ మాటకు నాకు కోపం నెత్తికెక్కింది. నన్ను ఇచ్చినందుకు కాదు. నాకు బదులు ముగ్గురు రావాలి, కనీసం ముగ్గురు! ఆ మాటే పైకి అన్నాను. నాన్న నవ్వలేదు.

"నువ్వు బాగా ఆడతావురా. కాదన్లేదు. కానీ నీ దగ్గరికి వెళ్ళిన బంతి ఇంకొకడి దగ్గరికి రావడం నేను చూళ్ళేదు. నీకు ఇస్తే తిరిగి రాదని తెలిసి పదిమంది ఊరికే నిలబడుతున్నారు. నువ్వుండగా జట్టు కట్టలేను."

"చేపల పులుసులో తలకాయ ఏనాడైనా పక్కవాడికి వదిలాడా వీడు?" అని అమ్మ కూడా సంతకం పెట్టేసింది.

ఆ సీజనంతా మా ఇల్లు ఎంత చిత్రంగా ఉండేదో! ఆటకు ముందురోజు సాయంత్రం రహీం, ఆసెంగ్, యూసుఫ్, దొరై మా హాల్లో కింద కూర్చుని అగ్గిపుల్లలతో ఎత్తులు వేసేవారు. నేను వస్తే అగ్గిపుల్లలు అరచేత్తో మూసేసేవారు. మా ఇంట్లో మా అగ్గిపుల్లలు! "ఎనిమీ వచ్చిండు, ఎనిమీ వచ్చిండు, దాచుండ్రి!" అని యూసుఫ్ అరిచేవాడు. నేను నా పళ్ళెం పట్టుకుని వంటింట్లో కూర్చుని తినేవాణ్ణి, చెవులు మాత్రం హాల్లో పెట్టి. ఒకటి చెప్పాలి, నేను వెళ్ళాక రేవు క్లబ్ ఆట నిజంగా మారిపోయింది. బంతి వెనకనుంచి ముందుకు, ముందునుంచి పక్కకు, పక్కనుంచి మధ్యకు తిరుగుతుంటే గట్టు మీద జనం లేచి నిలబడేవారు. మీ గోరెంగ్ మీద గుడ్డు కనిపించడం మొదలైంది. అయినా మొదట ఓడిన ఆటలు చాలా ఉండటంతో చివరి ఆట దాకా మెడ మీద కత్తి అలాగే ఉంది. చివరి ఆట డ్రా అయితే చాలు, క్లబ్ బతుకుతుంది. ఓడితే పోతుంది. ఆ చివరి ఆట తూర్పు క్లబ్‌తో. అంటే నాతో.

ఆ సాయంత్రం మైదానానికి అమ్మ మొదటిసారి వచ్చింది. వర్షం వెలిసి గడ్డి మెరుస్తోంది, బురద మోకాళ్ళదాకా కొడుతోంది. ముందు మేం ఒక గోల్ కొట్టాం. మేం అంటే తూర్పు వాళ్ళం. కాసేపటికి దొరై ఆర్కిడ్ వరసల్లో పరిగెత్తినట్టే పరిగెత్తి సమం చేశాడు. నాన్న టోపీ తీసి గాల్లోకి విసిరాడు, అది లిమ్ అంకుల్ నెత్తిన పడిందని చెబుతుంటాను, పక్కన పడింది. ఇక రెండు నిమిషాలున్నాయనగా నేను బంతితో గోల్ ముందుకి దూసుకెళ్ళాను. రహీం స్టిక్ నా కాళ్ళ మధ్య పడింది. నేను బోర్లా పడ్డాను. అంపైర్ ఈల వేసి పెనాల్టీ స్ట్రోక్ ఇచ్చాడు. అంటే కొట్టేవాడొకడు, ఆపేవాడొకడు, మధ్యలో ఏడు గజాలు, ఇంకెవరూ అడ్డం రారు. మా కెప్టెన్ బంతి తెచ్చి నా చేతిలో పెట్టాడు.

గోల్‌లో యూసుఫ్ నిలబడ్డాడు. గట్టు మీదనుంచి అమ్మ గొంతు వినిపించింది. "కొట్టకురా నాన్నా! మీ తాత క్లబ్బురా!"

ఆ వెంటనే నాన్న గొంతు, అంతకన్నా గట్టిగా. "ఒరేయ్ సత్తిబాబూ! సరిగ్గా కొట్టకపోయావో ఇంటికి రాకు!"

ఇక్కడ ఒక్క పిసరు కూడా కోత లేదు, నమ్మండి. నేను సరిగ్గానే కొట్టాను. నాకు ఆ క్షణంలో తాతా గుర్తులేడు, క్లబ్బూ గుర్తులేదు. నన్ను ఇద్దరికి బదులిచ్చిన మనిషికి నేనేంటో చూపించాలి, అంతే. ఎడమవైపు చూసి, భుజం ఎడమకు తిప్పి, ఆఖరి రెప్పపాటులో మణికట్టు మెలితిప్పి, యూసుఫ్ ఎడమ పైమూలకి ఎత్తి పంపాను. నా జీవితంలో అంత బాగా ఇంకెప్పుడూ కొట్టలేదు. యూసుఫ్ నా కళ్ళూ చూడలేదు, భుజమూ చూడలేదు. ఎడమచెయ్యి అప్పటికే ఆ మూలలో ఉంది. బంతి తగిలిన చప్పుడు గట్టు దాకా వినబడింది. కాసేపటికి చివరి ఈల పడింది.

ఆ తర్వాత జరిగింది కూడా నేను కావాలని చేయలేదు, మొదట్లో. అమ్మ బురదలో చీర ఎత్తిపట్టుకుని పరిగెత్తుకొచ్చి నన్ను కౌగలించుకుంది. "నా బంగారు తండ్రీ! నాన్న కోసం వదిలేశావురా!" అని ఏడ్చేసింది. నేను కాదనలేదు. అంతే, కాదనకపోవడమే. బస్సెక్కేసరికి తలూపడం మొదలుపెట్టాను. ఇంట్లో పాయసం గిన్నె ముందుకొచ్చేసరికి, "గోల్ ముందు నిలబడితే నాన్న మొహం కనబడిందమ్మా" అనే దాకా వెళ్ళాను. అది విని రహీం నా భుజం తట్టాడు. యూసుఫ్ గిన్నె కింద పెట్టేసి నా చెయ్యి రెండు చేతులతో పట్టుకున్నాడు. తూర్పు వాళ్ళ చెవిన కూడా పడింది. తర్వాతి సీజన్‌లో లిమ్ అంకుల్ నన్ను మా నాన్నకు తిప్పి పంపేశాడు. "టేక్ బ్యాక్ యువర్ సన్ లా. ఎక్స్‌చేంజ్ ఆల్సో డోంట్ వాంట్."

నాన్న మాత్రం ఆ రాత్రి పాయసం తినలేదు. మర్నాడు పొద్దున్నే వెదురు కర్ర మీద ప్యాడ్లు ఆరేస్తూ నన్ను పిలిచాడు. "నీ మణికట్టు నేను చూశాన్రా. అది వదిలేసేవాడి మణికట్టు కాదు. వాడు ఆపాడు. నేను కట్టిన జట్టు తనంతట తనే బతికింది, ఒకరి దయ వల్ల కాదు. ఆ కుర్రాడు ఈ ఊరు వచ్చాక వాడిదని చెప్పుకోడానికి అదొక్కటే ఉంది. ఇచ్చెయ్యి." ఇస్తానన్నాను. నాన్న తనే యూసుఫ్‌కి రెండుసార్లు చెప్పి చూశాడట, నువ్వే ఆపావని. పెద్దమనిషి మనసు నొప్పించకుండా మాట్లాడుతున్నాడని అతను అనుకున్నాడు. నేను ఇవాళ చెబుదాం, రేపు చెబుదాం అంటూనే ఉన్నాను. ఈలోగా కథ పెరిగింది, అందులో నా కంట్లో నీళ్ళు చేరాయి, వర్షం తిరిగొచ్చింది. నాన్న పోయి చాలా ఏళ్ళయింది. రేవు క్లబ్ ఆయనతో పాటు ముసలిదై, మూతబడే రోజు దాకా లీగ్‌లోనే ఉంది.

శిరీష వాళ్ళ జట్టులో ఇప్పుడు అలాంటివి సాగవు. ప్రతి ఆటా ఫోన్‌లో తీస్తారు, నెమ్మదిగా తిప్పి చూస్తారు. ఏ పిల్ల ఎంత దూరం పరిగెత్తిందో, ఎన్నిసార్లు బంతి ఇచ్చిందో కోచ్ దగ్గర పట్టికలుంటాయి. మైదానం నీలం రంగులో ఉంటుంది, మోకాలికి బురద అంటదు. ఎంపికల రోజున ఎవరూ ఎవరింట్లోనూ అన్నం తినరు. ఆ పట్టికలు చూస్తే నాకు నిజంగానే ముచ్చటేస్తుంది, ఎందుకంటే అమ్మ ఆకులు చూసి చెప్పినవే అందులో సగం ఉంటాయి. తేడా ఒక్కటే. ఆ రోజు ఒక్క ఫోన్ ఉండి ఉంటే నా కథ పాయసం దాకా కూడా వెళ్ళేది కాదు.

"డాడీ, సో నోబుల్ ఆ యూ!" అంటోంది శిరీష.

"లేదమ్మా," అన్నాను. "యూసుఫ్, ఆ బంతి నేను వదల్లేదు. చంపేద్దామనే కొట్టాను. నువ్వే ఆపావు."

యూసుఫ్ పకపకా నవ్వాడు. "ఛల్! నీ కోతలు నాకు ఎరకలేవా? ఏనుగును దించినోడివి నువ్వు."

"ఒట్టు."

"నీ ఒట్లు గూడ ఎరకే."

ఏడు గజాల నుంచి, ఎడమకు చూసి కుడికి కొట్టానని చెప్పాను. నవ్వాడు. నాన్న అన్న మాటలు చెప్పాను. "నాయన దొడ్డ మనసు" అన్నాడు. శిరీష మీద ఒట్టేశాను, "డాడీ, డోంట్ లా!" అని ఆ పిల్ల అరిచింది. ఇంక చెప్పడానికి ఏమీ మిగల్లేదు. నలభై నిజాలు చెప్పినా నమ్మించలేని స్థితి నా అంతట నేనే కట్టుకున్నాను. యూసుఫ్ చెంచాతో మీఠా తింటూ తింటూ ఉన్నట్టుండి ఆగాడు.

"జర ఆగు. బంతి తగిలినంక నువ్వు ఒక మాటన్నవ్."

"ఏం మాట?"

"పిల్ల ముందట జెప్ప. నా పుట్టుక మీద అన్నవ్. అందరు ఉరుకొస్తుండ్రు గాబట్టి ఎవ్వరికి ఇనబడలే. మీ నాయనకు గూడ జెప్పలే నేను. గన్నేండ్ల సంది అనుకుంట, దయ జేసినోడు తిట్టుడెందుకని." చెంచా బల్ల మీద పెట్టాడు. "కావాలని వదిలేసినోడు ఎందుకు తిడ్తడు?"

"తిట్టడు," అన్నాను.

అతను తన ఎడమచెయ్యి వైపు చూసుకున్నాడు. ఇటు తిప్పాడు, అటు తిప్పాడు. లేచాడు. కూర్చున్నాడు. మళ్ళీ లేచి ఫోన్ తీశాడు. టాంపినీస్‌లో ఉన్న వాళ్ళావిడకు మా హాలు మధ్యలో నిలబడి, బ్లాకంతా వినబడేలా అరిచాడు.

"సుల్తానా! సునో! ఆ బంతి నేనే ఆపిన! ఏ బంతి ఏంది? అరే, అదే! సత్తిబాబుది! నేనే! నిజంగ నేనే!"

అవతల ఆవిడ ఏదో అడిగింది. కొత్తిమీర గురించి అనుకుంటాను. "కొత్తిమీర తర్వాత! ముందు ఇను," అని యూసుఫ్ బాల్కనీలోకి నడిచాడు. మొదటినుంచి మొదలుపెట్టాడు. వాన దంచి కొడుతోందట, కళ్ళకు ఏమీ కనబడటం లేదట. కొట్టింది ఇరవై గజాల నుంచట, బంతి కాదట అది, పిడుగట. శిరీష నా వైపు తిరిగి, "సెవెన్ గజాలు అన్నావు కదా?" అంది.

"ఇరవై ఉంటుందిలే," అన్నాను.